అమ్మ సాక్ష్యం కోసం దాచిన జ్వరం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. సాక్ష్యం చెప్పాలంటే నాకు ఇప్పటికీ భయమే, ఎందుకంటే ఒక సాక్ష్యం కోసమే నేను చావు దాకా వెళ్లి వచ్చాను.

మాది కోడేరు దగ్గర పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయి నన్ను నర్సింగ్ చదివించారు. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు మా చివరి సంవత్సరం విద్యార్థులను గద్వాలలో ఒక దవాఖానకు, కరోనా వార్డుకే పంపారు. డ్యూటీ అయ్యాక ఒక్కొక్కరికి ఒక్కో గది, గుమ్మంలో అన్నం పొట్లం పెట్టి వెళ్లిపోయేవారు, మాస్కు లేని మనిషి ముఖం చూసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు, గోడలతో మాట్లాడుకున్న రోజులు కూడా ఉన్నాయి!

లాక్‌డౌన్ కాబట్టి మా సంఘం ఆదివారం ఫోన్‌లోనే ప్రార్థన పెట్టుకునేది. ఒక ఆదివారం అమ్మ, అంతమంది రోగుల నడుమ తన బిడ్డకు తుమ్ము కూడా రాకుండా ప్రభువు కాచాడని సాక్ష్యం చెప్పింది, అందరూ స్తోత్రం అన్నారు. గదిలో ఒంటరిగా అది వింటున్న నాకు అప్పటికే రెండు రోజులుగా జ్వరం! చెబితే అమ్మ మాట అబద్ధమవుతుందని, దేవుని నామానికి అవమానమని అనుకుని మాత్ర మింగి డ్యూటీకి పోయాను, ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

వార్డులో నర్సులందరికీ పెద్ద అయిన మా పెద్ద సిస్టర్ రోజూ విద్యార్థుల వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ పెట్టాకే లోపలికి పంపేది. ముందే చూసుకున్నానని అబద్ధం చెప్పి రెండు రోజులు తప్పించుకున్నాను. మూడో రోజు మెట్లెక్కి ఆయాసపడుతుంటే చెయ్యి పట్టుకుని తానే చూసింది, ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంది.

“నేర్సుకోనీకి వచ్చినవ్ బిడ్డా, సావనీకి రాలే,” అని నన్ను మంచమెక్కించి, ఆక్సిజన్ పెట్టించి, అమ్మకు తానే ఫోన్ చేసింది. నాతో కలిసి పనిచేసిన పిల్లలందరికీ పరీక్షలు చేయించి, వాళ్లను కొన్నాళ్లు వార్డులోకి పంపేది లేదని పైవాళ్లతో గొడవపడింది.

ఆ సాయంత్రమే అమ్మ మళ్లీ సంఘాన్ని ఫోన్‌లో పిలిచి అందరి ముందూ ప్రార్థించింది: “తండ్రీ, నా బిడ్డ మంచిగుందని తెల్వక జెప్పిన. గిప్పుడు దానికి ఊపిరి ఆడుతలేదు. జర పట్టుకో తండ్రీ.” ఒక్కరు కూడా అమ్మను తప్పు పట్టలేదు, అందరూ ఏడ్చి ప్రార్థించారు. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని విన్నాను, ఎన్నో వారాల తర్వాత ఒంటరిదాన్ని కానని అనిపించింది. తొమ్మిదో రోజు ఆక్సిజన్ తీసేశారు. దేవునికే మహిమ! ఆ పెద్ద సిస్టర్ మన సంఘం మనిషి కాదు, అయినా ప్రభువు ఆమె చేతినే వాడుకున్నాడు.

సహోదరులారా, మనం జ్వరం దాచి కాపాడాల్సినంత చిన్నది కాదు దేవుని పరువు. ఉన్నది ఉన్నట్టు ఆయనకు చెప్పి ఆయన మీద ఆనుకోండి. మీ పిల్లలు ఏ దవాఖానలోనైనా పని నేర్చుకుంటుంటే, బాగున్నామని అనగానే స్తోత్రం చెప్పి ఫోన్ పెట్టేయకండి, ఇంకొక్కసారి అడగండి.