లాంతరు జట్టు నిలబడిన రోజు

బొంబాయి బండి నాంపల్లిలో మధ్యాహ్నం రెండూ ఇరవైకి కదులుతుంది. చిక్కడపల్లి నుంచి వెళ్ళేవాళ్ళు పన్నెండున్నరకే ఇల్లు వదలడం మంచిది. రిక్షాలు దొరుకుతాయి గాని, నారాయణగూడ చౌరస్తాలో ఊరేగింపు ఉంటే దోమలగూడ మీదుగా చుట్టూ తిప్పుతారు. 1969, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడు; ఊరేగింపు లేని రోజు తక్కువ. మేము పధ్నాలుగుమందిమి ఏడు రిక్షాలెక్కి, రెండు బూట్ల సంచులు, ఒక బంతుల వల, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బాతో ఒంటిగంటంపావుకి స్టేషన్ చేరాం.

మాది లాంతర్ల ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టు. పొద్దున ఆట, మధ్యాహ్నం గాజు చిమ్నీలు తుడిచి గడ్డిలో సర్దడం, దానికీ దీనికీ కలిపి జీతం. చొక్కా మీద ఎడమవైపు చిన్న లాంతరు కుట్టి ఉంటుంది. నేను ఆ ఫ్యాక్టరీలోనే గుమాస్తాని. పొరుగూళ్ళ ఆటలకి జట్టు వెంట మేనేజరుగా వెళ్ళేవాణ్ణి. టిక్కెట్లు, బస, భోజనాలు, బూట్లకి మేకులు కొట్టించడం నా పని. తిరిగొచ్చాక ఇంకో పని కూడా ఉండేది. అశోక్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండే సత్తయ్య మాస్టర్ దగ్గరికి వెళ్ళి, ఆట ఎలా జరిగిందో చెప్పాలి.

సత్తయ్య మాస్టర్ మా కోచ్. నారాయణగూడలో ఒక బడిలో డ్రిల్లు మాస్టరు. ఆడేది ఢిల్లీలోనో కలకత్తాలోనో బొంబాయిలోనో, బడి సెలవివ్వదు. అందుకని జట్టుని తయారుచేసిన మనిషి పన్నెండేళ్ళుగా ఆ జట్టు బయటి ఊళ్ళో ఆడగా చూడలేదు. నేను చెప్పింది విని, తెల్లారి మైదానంలో దానికి తగ్గట్టు నేర్పేవాడు.

నేను చెప్పినవాటిలో ఒకదాని గురించి ఇక్కడ రాయాలి. రెండేళ్ళ కిందట కలకత్తాలో రెండు గోల్స్ తేడాతో ఓడి వచ్చాం. ఎడమ అంచున ఆడే నర్సింగ్ ఆట మొత్తంలో మూడుసార్లు బంతి ముట్టుకున్నాడు, మూడుసార్లూ పోగొట్టుకున్నాడు. మాస్టర్ చాప పరిచి, చాయ్ ఇచ్చి, నర్సింగ్ ఎట్ల ఆడిండని అడిగాడు. సీజన్ చివర ఆయన రాసిచ్చే చీటీలో పేరున్నవాళ్ళకే ఫ్యాక్టరీ మళ్ళీ ఏడాది నౌకరీ ఇస్తుంది. నర్సింగ్‌కి ముసలి తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు. నా నోట్లోంచి ఏమొచ్చిందంటే: బంతి కాలికి అందగానే నర్సింగ్ కదలకుండా నిలబడ్డాడు, చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డ మనిషిలాగా. అడ్డం వచ్చినవాడికి ఏం చెయ్యాలో తోచక వాడూ నిలబడ్డాడు. తర్వాత కలకత్తా అంతా నిలబడింది. అప్పుడు మనవాడు బంతి తీసుకుని వాడి పక్కనుంచి తాపీగా నడిచి వెళ్ళాడు.

మర్నాడు ఆరింటికి మైదానానికి వెళ్తే మంచులో పదకొండుమంది మనుషులు బంతుల మీద కాళ్ళు పెట్టి కదలకుండా నిలబడి ఉన్నారు. మాస్టర్ మధ్యలో నిలబడి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాడు. పాలు తెచ్చేవాళ్ళు సైకిళ్ళు దిగి చూస్తున్నారు. రెండేళ్ళు రోజూ అదే సాధన. మిగతావాళ్ళు ఆటల్లో ప్రయత్నించి బంతి పోగొట్టుకుంటే, దాని మర్మం నర్సింగ్ ఒక్కడికే తెలుసు అనేవాడు మాస్టర్. నర్సింగ్ మాత్రం ఆటలో అసలెప్పుడూ ప్రయత్నించలేదు. ఊరు మారినప్పుడల్లా వాణ్ణి నా మాటల్లో నేనే నిలబెడుతూ వచ్చాను. ఢిల్లీలో అయిదు లెక్కల దాకా నిలబెట్టాను.

ఆ ఏడు బడి తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. మా వీధిలో కోస్తా నుంచి వచ్చిన మా ఇళ్ళకీ, ముందునుంచీ ఉన్న ఇళ్ళకీ మధ్య మాటలు తగ్గాయి. మాస్టర్ మాత్రం ఎప్పటిలా మా గేటు దగ్గర సైకిలు దిగి, బొంబాయికి తనూ వస్తున్నానని, టిక్కెట్టు కూడా తెచ్చుకున్నానని చెప్పాడు. "నర్సింగ్ నిలబడుడు ఈ కండ్లతోని సూడాలె రావుగారు" అన్నాడు.

బండి కదిలింది. కిటికీ పక్కన ఎండ పడని వైపు కూర్చోవాలనుకుంటే వెళ్ళేటప్పుడు కుడిచేతి పక్క చూసుకోండి. మాస్టర్‌ని అక్కడే కూర్చోబెట్టాను. ఆయనకి యాభై అయిదు దాటాయి, వికారాబాద్ అవతల ఏముందో తెలియదు. తెలిసిందల్లా నేను చెప్పిందే. నాలుగింటికి వికారాబాద్‌లో చాయ్ తాగాం. అయిదుంపావుకి తాండూరు వస్తే మాస్టర్ తల బయటపెట్టి, నేను ఎప్పుడో చెప్పిన, బండ్ల రాకపోకలు చెప్పే రామచిలుక ఎక్కడుందని అడిగాడు. పోయినేడు చచ్చిపోయిందన్నాను. ఆయన పాపం అని నాలుక చప్పరించి, స్టేషన్ మాస్టరుకి ఎంత కష్టమో అన్నాడు.

ఎదుటి బల్ల మీద గుల్బర్గా కందిపప్పు వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. హైదరాబాదు తెలుగు బాగానే వచ్చు. నిలబడే ఆట గురించి మాస్టర్ ఆయనకి గంటసేపు చెప్పాడు. నేను చెప్పినదానికంటే బాగా చెప్పాడు. వ్యాపారి అంతా విని, "మా దుకాణంల గుమాస్తా గూడ గట్లనే నిలబడ్తడు, వానికేమన్న ఆట నేర్పుతరా?" అన్నాడు. పెట్టె అంతా నవ్వింది. నర్సింగ్ నవ్వలేదు.

వాడీ జంక్షన్‌కి ఏడింటికి చేరాం. ఇక్కడ బండి ముప్పావుగంట ఆగుతుంది. భోజనం ఇక్కడ చెయ్యడమే మేలు, పూరీ కూర వేడిగా దొరుకుతాయి. నర్సింగ్ నన్ను కుళాయి దగ్గరికి పిలిచాడు. ఇరవైనాలుగేళ్ళవాడు, పొడుగ్గా ఉంటాడు, మాట్లాడేటప్పుడు నేల చూస్తాడు.

"మేనేజర్ సాబ్, నన్ను మీరే నిలబెట్టిన్రు. ఇప్పుడు మీరే కూసోబెట్టుండ్రి. మాస్టర్‌కు నిజం చెప్పుండ్రి."

చెబితే చీటీలో పేరుండదని నేనన్నాను. చూస్తే మాత్రం ఉంటదా అని వాడన్నాడు. గంట కొట్టారు, ఎక్కాం.

పూనాలో అయిదింటికి మెలకువ వచ్చింది. చలి ఎక్కువ, దుప్పటి చేతికందేలా పెట్టుకోండి. అక్కణ్ణుంచి గంటన్నరకి బండి కొండలు దిగడం మొదలుపెడుతుంది. ఇక్కడ మబ్బులు పెట్టెలోకి వచ్చి కూర్చుంటాయని నేను ఏనాడో మాస్టర్‌కి చెప్పి ఉన్నాను. ఆయన తలుపు దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నాడు. మూడో సొరంగం దాటగానే తెల్లటి పొగమంచు నిజంగానే లోపలికి వచ్చింది. బల్లలు కనబడలేదు, మనుషులు కనబడలేదు. చక్రాల చప్పుడు ఎక్కడో కింద లోయలోంచి వస్తున్నట్టుంది. మంచు పలచబడ్డాక చూస్తే మాస్టర్ అరచెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. చెయ్యి తడిసింది. నావైపు తిరిగి తల ఊపాడు. నేను చెప్పినవాటిలో ఆయన కళ్ళ ముందు నిజమైన మొదటిది అదే. ఆయన సంతోషం నా గుబులు ఇంకా పెంచింది.

తొమ్మిదిన్నరకి బొంబాయి. బస వర్లీలో, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వచ్చి మిల్లుల్లో పనిచేసేవాళ్ళ సంఘం గదిలో. మన జిల్లావాళ్ళమని చెబితే చాప, మంచినీళ్ళు ఇస్తారు, డబ్బు అడగరు. వంట చేసే లచ్చవ్వ పుంటికూర, అంటే మా గోంగూర, జొన్నరొట్టె పెట్టింది. సముద్రం నడిచివెళ్ళే దూరంలోనే. సాయంత్రం మాస్టర్ గోడ మీద కూర్చుని అలలు లెక్కపెట్టాడు. మూడు లెక్కలయ్యాక అల వెనక్కి పోతున్నదని నర్సింగ్‌కి చూపించాడు.

పోటీలో మా గుంపులో నాలుగు జట్లు. ముందు లీగు, పైన నిలిచిన ఒక్క జట్టుకే తర్వాతి ఆటలు. మైదానం చర్చిగేట్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. మొదటి ఆట సమానం. రెండో ఆట జహంగీర్ కొట్టిన గోల్‌తో గెలిచాం. జహంగీర్ మా సెంటర్ ఫార్వర్డ్, గాజు చిమ్నీలు ఎప్పుడూ పగలగొట్టేవాడు కూడా అతనే. రెండు ఆటల్లోనూ నర్సింగ్ బంతి రాగానే పక్కవాడికి తన్నేశాడు. మాస్టర్ నా పక్కన బెంచీ మీద కూర్చుని, "ఇయ్యాల చెయ్యలే" అన్నాడు. రెండోరోజూ అదే మాట, కొంచెం నెమ్మదిగా.

మూడో ఆట గెలిస్తేనే ముందుకి. లేకపోతే సీజన్ అక్కడికి సరి. సాయంత్రం నాలుగున్నరకి మొదలైంది. వర్లీ నుంచి మిల్లు పనివాళ్ళు యాభైమంది దాకా వచ్చి మనవాళ్ళని పేరుపేరునా తిడుతూ ఉత్సాహపరిచారు. ఆట చివరికొచ్చినా ఎవరికీ గోల్ లేదు. ఎండ పసుపుగా మారింది, సముద్రం వైపునుంచి ఉప్పు గాలి మొదలైంది. పది నిమిషాలు మిగిలాయి అనగా బంతి ఎడమ అంచుకి వచ్చింది. నర్సింగ్ దాని మీద కాలు పెట్టాడు. నిలబడ్డాడు.

ఎదుటి జట్టులో వెనక కాపు కాసే బ్యాక్ పరుగెత్తుకుంటూ వచ్చి రెండడుగుల దూరంలో ఆగాడు. ఈల వినబడిందేమోనని రిఫరీ వైపు చూశాడు. రిఫరీ నర్సింగ్‌ని చూస్తున్నాడు. మిల్లు పనివాళ్ళ తిట్లు ఆగిపోయాయి. పైన గద్దలు తిరుగుతున్నాయి; అవి కూడా ఆగాయంటే మీరు నమ్మరు కాబట్టి చెప్పను. మాస్టర్ పెదవులు కదులుతున్నాయి. ఒకటి. రెండు. మూడు. నర్సింగ్ బంతిని మెల్లగా తోసుకుంటూ ఆ బ్యాక్ పక్కనుంచి, గుడిలోకి వెళ్ళే మనిషిలా, తలవంచుకుని వెళ్ళాడు. అంచు దాకా వెళ్ళి గోల్ ముందుకి తన్నాడు. వాళ్ళ గోల్‌కీపర్ ముందుకొచ్చేసి ఉన్నాడు. గోల్ ఖాళీ. ఒక్క కాలు తగిలితే చాలు.

జహంగీర్ నిలబడి ఉన్నాడు. కుడివైపు ఆడేవాడూ నిలబడే ఉన్నాడు. మా పదిమందీ ఎక్కడివాళ్ళక్కడ, రెండేళ్ళు మంచులో నేర్చుకున్నట్టే, అద్భుతంగా నిలబడి ఉన్నారు. బంతి గోల్ ముందునుంచి దొర్లుకుంటూ, తొందరేమీ లేకుండా, అటువైపు గీత దాటి వెళ్ళిపోయింది.

ఆట సమానంగా ముగిసింది. సీజన్ అయిపోయింది.

తిరుగు బండి మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి. లచ్చవ్వ రొట్టెలు మూటకట్టి ఇచ్చింది. పూనా దాటాక, కిటికీలో చెరుకు తోటలు ఎర్రబడుతుండగా, మాస్టర్ జేబులోంచి కాగితం, పెన్సిలు తీశాడు. చీటీ. పేర్లు రాస్తూ రాస్తూ పదకొండు దగ్గర ఆగాడు.

"నర్సింగ్, కలకత్తాల నిజంగనే నిలబడ్డవార?"

నర్సింగ్ నా ముఖం చూశాడు. నేను చెరుకు తోటలు చూశాను.

"లే మాస్టర్. ఫస్ట్ టైం నిన్ననే."

మాస్టర్ నావైపు తిరిగాడు. అప్పుడు చెప్పాను. కలకత్తా, ఢిల్లీ, అయిదు లెక్కలు, చిలుక, అన్నీ. నా జీవితంలో ఏదైనా ఒక సంగతిని అంత తక్కువ మాటల్లో చెప్పడం అదే మొదటిసారి. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కిటికీ తలుపు దించి, పై బల్ల ఎక్కి పడుకున్నాడు. షోలాపూర్‌లో అన్నానికి దిగలేదు. నర్సింగ్ తన రొట్టె తినకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

తెల్లారి అయిదున్నరకి వికారాబాద్. పొలాల మీద పల్చగా మంచు. మాస్టర్ దిగి ముఖం కడుక్కుని, చాయ్ మూడు తెమ్మన్నాడు. ఒకటి నర్సింగ్‌కి, ఒకటి నాకు. మళ్ళీ కాగితం తీశాడు.

"రెండేండ్ల సంది, చెయ్యనోనికి నౌకరిప్పిచ్చిన. ఇప్పుడు చేసినంక తీసేస్తనా?" అని పన్నెండో పేరు రాశాడు. నర్సింగ్ రాత్రి తినని రొట్టె తీసి చాయ్‌లో ముంచాడు.

నా గతి ఏమిటో నేను అడగలేదు. బండి కదిలి శంకర్‌పల్లి వచ్చేదాకా మాస్టర్ బయటికే చూశాడు. తర్వాత మెల్లగా, "మొన్న పొరపాటు నాది రావుగారు. నిలబడుడు నేర్పిన, మిగిలినోల్లు ఎప్పుడు ఉర్కాల్నో నేర్పలే. మీరు చెప్పలే, నేను అడుగలే. వాడు పక్కనుంచి పోయినంక కలకత్తాల మనోల్లు ఏం చేసిన్రు?" అని అడిగాడు.

"మాస్టారూ, కలకత్తాలో ఏమీ జరగలేదని చెప్పాను కదండీ."

"ఎరుకనే. జరిగుంటే ఏం చేసేటోల్లు?"

లింగంపల్లి దాకా ఆలోచించాను. పన్నెండుమంది ఆటగాళ్ళూ లేచి మా బల్ల చుట్టూ చేరారు. ఎవరో రొట్టెల మూట విప్పారు. బొంబాయి వెళ్ళొచ్చినవాళ్ళు సముద్రం గురించీ, రెండంతస్తుల బస్సుల గురించీ చెబుతారు. నాకు ఆ ప్రయాణమంటే ఇప్పటికీ ఆ పెట్టెలో పొద్దుటి వెలుగు, నా నోటివైపు చూస్తున్న పదమూడు జతల కళ్ళు, ఈసారి చెప్పింది వాళ్ళు నిజంగానే ఆడతారన్న భయం. ఆట అయిపోయాక చెప్పడం తేలిక. ఆడబోయేది చెప్పాలంటే కొలత ఉండాలి.

రెండో లెక్కకే జహంగీర్ కదలాలి, నెమ్మదిగా, ఎవరూ గమనించనట్టుగా, అని మొదలుపెట్టాను. మాస్టర్ చెయ్యెత్తి నన్ను ఆపి, జహంగీర్‌ని బల్లల మధ్య దారిలో నడిచి చూపించమన్నాడు. నర్సింగ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. మాస్టర్ లెక్క మొదలుపెట్టాడు. బండి బేగంపేటలో ఆగింది, కదిలింది. నాంపల్లి దగ్గరపడినా మేమెవరమూ సామాను సర్దుకోలేదు.