దర్గా సామికి నేను కప్పిన గోనెపట్ట

మా చిన్నప్పుడు... కంబదూరు దగ్గర మా ఊరి దర్గాకు నల్లరాతి గోడలు, కమాను వాకిళ్ళు, నాలుగు మూలలా సున్నం కొట్టిన మినార్లు, అన్నీ ఉండేవి. పైకప్పు మాత్రం లేదు! లోపల సామి సమాధి మీద ఆకాశమే.

నాకు అదే దిగులు. అంత ఎండలో సామికి ఒళ్ళు కాలదా? తలనొప్పి పుట్టదా?

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మా ఇంట్లోని గోనెపట్ట తీసుకుపోయి సమాధి మీద కప్పి వచ్చాను. ఆ పూట నిశ్చింతగా అన్నం తిన్నాను.

ఆ ఏడు ఇంకా వాన పడలేదు... శనక్కాయ విత్తనాలు ఒలిచి పెట్టుకుని ఊరంతా ఆకాశం చూస్తోంది. మరునాడే అందరూ రొట్టె, బెల్లం కలిపి దంచిన మలీద పట్టుకుని, వాన కోసం మొక్కుకోవడానికి దర్గాకు వచ్చారు. మా నాయన వెనకాలే నేను.

"ఎవురప్పా ఈ గోనె కప్పింది? మాదాని మాదిరే ఉండాదే!" అన్నాడు మా నాయన.

దర్గా చూసుకునే ముజావర్ తాత అప్పుడు చెప్పాడు... వెనకటికి ఒక పాళెగాడు ఈ గోడలు లేపి, పైన గుమ్మటం మొదలుపెడితే రెండుసార్లు కూలిందట. సామి కలలోకి వచ్చి, "నాకు కప్పు వద్దు. ఈ ఊర్లో వాన పడితే మొదటి చుక్క నా మీదే పడల్ల" అన్నాడట. అంతటితో పని ఆపేశారట.

ఇంకేముంది... వాన ఆపింది నేనే! ఏడుపు తన్నుకొచ్చింది.

"నేనే తాతా... సామికి ఎండ తగుల్తాందని..."

మా నాయన చెయ్యెత్తాడు. తాత పడీపడీ నవ్వాడు. "కొట్టొద్దప్పా! ఇన్నేండ్లుగా సామిని చూసుకుంటాండా, ఎండ తగుల్తాదని నాకే తోచలా. రా పాపా, కప్పిందీ నువ్వే, తీసేదీ నువ్వే."

తీశాను. వాన రాలేదు. మర్నాడూ లేదు... ఆ మర్నాడూ లేదు... నాకు ముద్ద దిగలేదు.

నాలుగో రోజు సాయంత్రం దబదబా కొట్టింది! గడ్డంలోంచి నీళ్ళు కారుతుండగా ముజావర్ తాత మా వాకిట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"తడిసినాడు పాపా! మీ సామి బాగా తడిసినాడు!"

మా నాయన నన్ను ఎత్తుకుని ఆ వానలోనే గిరగిరా తిప్పాడు.

ఇప్పుడు దర్గాకు రేకులు వేశారు... వచ్చినవాళ్ళకు నీడ కావాలని. బాగానే ఉంది, నేనూ ఆ నీడలోనే కూర్చుంటాను. కానీ వాన ఆలస్యమైన ఏడు తల పైకెత్తాలంటే భయం... గోనెపట్ట అయితే నేనే తీసేశాను. ఆ రేకులు తీయమని ఎవరికి చెప్పను?

మీ ఊరి దర్గాకు కప్పుందా? చెప్పండమ్మా... మీ వైపు వాన పడిందో లేదో, అదీ చెప్పండి.