నేను చదవని అర్జీ

మా వీధి చివరింటి అక్కయ్య మొన్న మంగళవారం పోయారు. ఫోన్ చేసి చెప్పిన మిత్రుడు, "సంతాప సభలో మీరే మాట్లాడాలి" అన్నాడు. సరే అన్నాను. అక్కడ చెప్పే ధైర్యం లేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడ అమెరికాలో, మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళం సంఘం పెట్టుకున్నప్పుడు నేను కార్యదర్శిని. ఇంటికొక ఓటు అని నిబంధన రాశాం. వేసేది మగవాళ్ళే అని రాయలేదు, రాయక్కర్లేకపోయింది. ఉగాదికి అందరికీ పులిహోర కలిపేది మాత్రం అక్కయ్యే. ఉప్పు చూడమని నా అరచేతిలో కాస్త పెట్టి, నా ముఖంకేసే చూస్తూ నిలబడేవారు. మా పాప పుట్టినప్పుడు నెలరోజులు మా ఆవిడకు పథ్యం వండి పంపిన మనిషి.

ఆ రోజుల్లో ఆవిడ సిటిజన్‌షిప్ పరీక్షకు చదువుతున్నారు. కూతురి స్కూలు పుస్తకం వంటింటి బల్ల మీద తెరిచి ఉండేది. ఒకప్పుడు ఈ దేశపు వలసవాళ్ళు ఇంగ్లండు మీద ఎందుకు తిరగబడ్డారో నాకు అప్పజెప్పేవారు. స్టాంపుల మీద పన్ను, టీ మీద పన్ను, తమ తరఫున మాట్లాడటానికి పార్లమెంటులో ఒక్క మనిషీ లేకపోవడం.

"పన్నొక్కటే అయితే సర్దుకునేవాళ్ళేమో తమ్ముడూ. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకున్నారు. ఆఖరిది రాజు ముట్టుకోనైనా లేదట. అక్కడ మండింది వాళ్ళకి."

ఆ వారమే నా చేతికొక కాగితం ఇచ్చారు. మనిషికొక ఓటు కావాలని రాసి, పదకొండు మంది ఆడవాళ్ళు సంతకాలు పెట్టారు. మా ఆవిడ కూడా పెట్టింది. కమిటీలో చదివితే, "ఇంట్లో నీ మాట చెల్లడంలేదా?" అని నవ్వుతారని భయపడ్డాను. ఫైలు అడుగున తోసేశాను. అక్కయ్య అడిగినప్పుడల్లా "కమిటీ కన్సిడర్ చేస్తోంది అక్కయ్యా" అన్నాను. రెండేళ్ళు అన్నాను. ఆ రెండేళ్ళూ ఆవిడ పులిహోర తిన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆవిడ సిటిజన్ అయ్యాక వచ్చిన మొదటి ఎన్నిక. వీధి స్కూల్లో క్యూలో నా ముందు నిలబడ్డారు. వెనక్కి తిరిగి మెల్లగా అడిగారు.

"ఆ కాగితం చదవలేదు కదూ?"

"లేదక్కయ్యా."

"చదివి కాదన్నా ఊరుకునేదాన్ని. మీ ఆవిడకైనా చెప్పాల్సింది, దాని పేరూ ఉందిగా."

ఇంతలో ఆవిడ వంతు వచ్చింది. లోపలికెళ్ళి తెర వేసుకున్నారు. తెర కింద చీర అంచు, మంచు బూట్లు కనబడుతున్నాయి. ఒక్కొక్క పేరూ చదువుకుంటున్నారు కాబోలు. క్యూలో ఎవరో విసుక్కున్నారు. ఆ బూట్లు చాలాసేపు కదలలేదు.