గోడ మీద పెన్సిల్ గీత

మియాపూర్‌లో మా ఫ్లాట్‌కి వచ్చే ప్లంబర్‌కి ఒక అలవాటుండేది. గీజర్ బాగు చేసినా, నల్లా మార్చినా, వెళ్లేముందు చెవి మీంచి పెన్సిల్ తీసి, లోపల పైపు ఎటు పోతోందో గోడ మీద గీసేవాడు.

"ఇది చెరపకుండ్రి అమ్మా. రేపు నేను కాకుంటే ఇంకొకడొస్తడు, వానికి దొరకాలె గద," అనేవాడు.

గీతలు అసహ్యంగా ఉన్నాయని పండక్కి రంగు వేయించేశాను.

ఇప్పుడు ఆ గోడంతా చెమ్మ. కొత్తగా వచ్చిన ప్లంబర్లు పైపు దొరక్క మూడుచోట్ల పగలగొట్టి వదిలేశారు. పాతాయన నంబరుకి ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తింది.

"ఆయన పోయి నాలుగు నెలలాయె అమ్మా."

ఫోన్ ఎందుకు చేశానో చెప్పాను. అంతా విని ఆవిడ అడిగింది.

"మా ఇంట్ల నల్లా బంద్ అయితలేదు. మీకెవరన్న మంచి ప్లంబర్ దొరికితే, జర మాకు గూడ పంపుతరా?"