కొబ్బరినూనె పట్టించిన టైర్లు

1978, జ్యేష్ఠమాసం. అమలాపురంలో నాకు వల్కనైజింగ్ దుకాణం ఉండేది. చిల్లుపడ్డ టైరుకు రబ్బరు వేసి, వేడితో అతికించే పని. ఒకరోజు ముక్తేశ్వరం నుంచి సీతారత్నంగారు వచ్చారు. ఆవిడ నాటకాల కంపెనీ నడిపేవారు. పాత వ్యానులో మంచాలు, పొయ్యి అమర్చుకుని కంపెనీలోని ఎనిమిది మందీ ఊరూరా తిరిగేవారు. వానాకాలం నాలుగు నెలలూ వ్యాను కొబ్బరితోటలో కదలకుండా ఉండేది.

"పోయిన దసరాకి కొత్తపేట బయల్దేరితే దారిలోనే రెండు టైర్లు పేలిపోయేయండి. నాటకం ఆగిపోయింది. ఈ ఏడు మళ్లీ పిలిచేరు. ఈసారీ వెళ్లలేకపోతే మావాళ్లు వేరే కంపెనీల్లో చేరిపోతామంటన్నారండి" అన్నారు.

ఆ రోజుల్లో కొత్త టైర్లు దొరకడం గగనం. మర్నాడే ముక్తేశ్వరం వెళ్లి వ్యాను చూశాను. ఆవిడ మళ్లీ సంపాదించి వేయించిన టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వేలు పెడితే జారింది. నాకు ఒళ్లు మండింది.

"ఎవరండీ ఇది రాసింది?"

"నేనేనండి. కొబ్బరినూనె. తలకి మంచిది, ఒంటికి మంచిది, రబ్బరుకి చెరుపేంటండి?"

"నిరుడూ ఇదే చేసేరా?"

"ఆయ్. నిరుడు వారం వారం పట్టించేనండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా కొబ్బరి సీమలో తప్ప ఇంకెక్కడా ఎవరికీ రాని ఆలోచన. నూనె పీల్చుకుంటే రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది. సైడ్‌వాల్, అంటే టైరు పక్కభాగం, పాడైతే నా దగ్గరా మందు లేదు. అదృష్టం కొద్దీ ఈ ఏడాది రెండుసార్లే రాశారు.

సబ్బునీళ్లతో నేనే తోమాను. జాకీతో వ్యాను లేపి, ఇరుసుల కింద తాడిదుంగలు పెట్టి, చక్రాలు నేలకు తగలకుండా చేశాను. కదలని బండి బరువంతా ఒకేచోట ఆనితే టైరు అక్కడ చదునైపోతుంది. దాన్నే ఫ్లాట్ స్పాట్ అంటాం. ఎండ పడకుండా గోనెసంచులు కప్పాం. నూనె డబ్బా ఆవిడ చేతిలోంచి తీసుకుని పొయ్యి పక్కన పెట్టేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది.

శ్రావణంలో వెళితే, తడినేలలో ఓ దుంగ దిగబడి వెనకచక్రం బురదలో ఆనింది. మళ్లీ లేపి, దుంగల కింద పలకలు వేశాం. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే చక్రాల కింద చెయ్యిపెట్టి చూడడం ఆవిడే పెట్టుకున్నారు.

దసరాకి దుంగలు తీశాం. గాలి కొట్టి, అంగుళం అంగుళం తడిమాను. ఒక్క పగులు లేదు. అయినా నమ్మకం చాలక నేనూ వ్యానెక్కాను. కొత్తపేట చేరేవరకూ టైర్ల చప్పుడే వింటూ కూర్చున్నాను. మేం వెళ్లేసరికి పందిట్లో ఇంకా తెర కూడా కట్టలేదు. ఆవిడ దిగి దసరా ఉత్సవాల కమిటీ పెద్దాయనతో, "మేం వచ్చేసేమండి. తెర ఎప్పుడు కడతారండీ?" అన్నారు. నా గర్వానికి పట్టపగ్గాల్లేవు.

వారం తర్వాత ఆవిడ దుకాణానికి వచ్చారు. ఏమైందోనని లేచి నిలబడ్డాను. "ఏం లేదండి. మూడూళ్లు తిరిగొచ్చేం, టైర్లు బాగున్నాయి. ఆ మాటే చెబుదామని వచ్చేను" అన్నారు.

పాడైనవాటిని బాగుచేయడమే నా పని అనుకునేవాణ్ని. పాడవకుండా చూడడమూ నా పనేనని ఆ వ్యాను నేర్పింది. పగిలిన టైరు దొర్లించుకుంటూ నా దగ్గరికి ఎంతమందో వచ్చారు. పగలని టైరు సంగతి చెప్పడానికి వచ్చింది ఆవిడొక్కరే.