అరక్షణం ముందు నవ్వు

పోయిన వారం మా ఆవిడ కొత్త చీర కవరు విప్పుతుంటే, ఆ ప్లాస్టిక్ పెళపెళలాడిన చప్పుడుకు నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. చీర ఆమెకు వదిలేసి కవరు నేను తీసుకున్నాను. ముఖానికి అడ్డంగా పట్టుకుని, దాని వెనక నుంచి "బాగుంది" అన్నాను. ఊపిరి తగిలి కవరు మీద తెల్లటి మచ్చ పడింది. "చీర బాగున్నదా, కవరు బాగున్నదా?" అని అడిగింది ఆమె. రెండూ అన్నాను. సూరత్‌లో కాపురముంటూ చీరను తక్కువ చేసి మాట్లాడే ధైర్యం నాకు లేదు. నిజానికి ఆ క్షణంలో నాకు కనబడుతున్నది ఆ రెండూ కావు. ఈ ఊళ్లోనే ఉధ్నాలో ఒక రేకుల షెడ్డు, అందులో ఇలాంటి కవరు వెనక నుంచి మాట్లాడుతున్న మా యజమాని సేఠ్, ఆ సేఠ్ పెదవులను రెప్ప వేయకుండా చూస్తున్న గంగారాం కాక.

కాక అంటున్నాను గాని ఆయన నాకు చుట్టం కాదు. మా జగిత్యాల దిక్కు నుంచి ముప్పై ఏళ్ల కింద సూరత్‌కు వచ్చి, సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, బాగుచేసే మాస్టర్ అయ్యాడు. నేను తెలుగు ఎం.ఏ. చదివి, ఉద్యోగం దొరక్క ఆయన పనిచేసే కార్ఖానాలోనే నేతకు చేరాను. మొదటి నెలలో "మగ్గం దగ్గర మగ్గుతున్నాను" అని ఇంటికి ఉత్తరం రాసి, ఆ మాట విరుపుకు నేనే మురిసిపోయాను. మా నాయన అది చదివి, అక్కడ మామిడిపండ్లు బాగా దొరుకుతున్నాయా అని ఫోన్ చేశాడు. కార్ఖానాలో నన్ను అందరూ పంతులు అని పిలిచేవాళ్లు. అందులో గౌరవం పావు, ఎగతాళి ముప్పావు. పని నేర్పింది మాత్రం గంగారాం కాకే. సాంచె చెడిపోతే ఆయన స్పానర్ తీసేవాడు కాదు. ముందు దాని ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. తరువాత "ఎడమ దిక్కు పట్టా వదులైంది" అనేవాడు. చూస్తే ఆ బెల్టే వదులై ఉండేది.

ఆయనకు సినిమా పిచ్చి అని అందరికీ తెలుసు. ఈ ఆదివారం చూసిన సినిమాను వచ్చే ఆదివారం మళ్లీ చూసేవాడు, ఆ తరువాతి ఆదివారం మళ్లీ. అభిప్రాయాలు కూడా ఎవరితోనూ కలిసేవి కావు. గుబురు మీసాల హీరోలు ఆయనకు పనికిరారు. "మూతి మీద గడ్డిమోపు పెట్టుకున్నోడు ఏం మాట్లాడుతడు?" అనేవాడు. హీరోయిన్‌ను వెనక నుంచి చూపిస్తే, "గీ డైరెక్టర్‌కు మనిషిని ఎటుదిక్కు నుంచి సూడాల్నో తెల్వది" అని విసుక్కునేవాడు. పాటలంటే ఇష్టం. "పాటల మాట మెల్లగ నడుస్తది, దాని ఎంబడి మనం పోవచ్చు" అనేవాడు. ఇవన్నీ నేను ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. "ముఖం తిప్పుకున్నోని మాట మనకు అందది" అన్న వాక్యం కింద రెండు గీతలు గీసి, పక్కన 'తాత్త్వికత' అని రాశాను. ఎం.ఏ. నాకు చేసిన అపకారాల్లో ఇదొకటి. ఎవరైనా ఉన్నమాట ఉన్నట్టు చెబితే అందులో లేని లోతు వెతుకుతాను.

కరోనా మొదటి ఏడు సాంచాలు ఆగిపోయాయి. రైళ్లు లేవు. ఒకే గదిలో గంగారాం కాక, మా కార్ఖానాలోనే కండెలు చుట్టే సత్తయ్య, నేను మిగిలాం. ఉధ్నాలో అంత నిశ్శబ్దం అంతకుముందు ఎవరూ వినలేదు. మొదటి వారం మేం అలవాటుకొద్దీ అరుచుకుంటూనే మాట్లాడుకున్నాం. పక్కగదివాళ్లు కొట్లాట అనుకుని తలుపు తట్టారు. గదిలో పాత టీవీ, దానికి ఎవరో వదిలేసిపోయిన పెన్‌డ్రైవ్, అందులో ఐదు సినిమాలు ఉండేవి. అన్నీ హిందీ నుంచి తెలుగులోకి డబ్బింగ్ చేసినవే. మధ్యాహ్నం అన్నం తిని ఒకటి పెట్టేవాళ్లం. ఐదు అయిపోగానే మళ్లీ మొదటిది.

అందులో ఒక పెళ్లిళ్ల పేరయ్య సినిమా ఉంది. ఒకచోట ఆ పేరయ్య పిల్లవాడి ఇంటికొచ్చి, "అమ్మాయి చాలా పద్ధతైంది, ఎప్పుడూ తల దించుకునే ఉంటుంది" అంటాడు. అంతే, అందులో నవ్వడానికి ఏమీ లేదు. కాని ఆ మాట పూర్తి కాకముందే, సరిగ్గా అరక్షణం ముందు, గంగారాం కాక కడుపు పట్టుకుని నవ్వాడు. రెండోసారి చూసినప్పుడూ అక్కడే నవ్వాడు. మూడోసారీ అంతే. "కాకకు లాక్‌డౌన్ తలకెక్కింది" అన్నాడు సత్తయ్య. నాకు నిద్ర పట్టలేదు. హాస్యం విషయంలో నాకంటే ఎవరైనా ముందుంటే ఓర్చుకోలేని మనిషిని. ఫోన్‌లో ఆ సినిమా హిందీది వెతికి, ఆ ఘట్టం పెట్టి చూశాను. పేరయ్య హిందీలో అంటున్నది వేరు. "అమ్మాయి ఎప్పుడూ తల దించుకునే ఉంటుంది, ఫోన్‌లోంచి ఎత్తితే కదా" అంటున్నాడు. తెలుగులో మాట రాసినాయన ఆ చివరి ముక్క మింగేశాడు. తెర మీది పెదవులు మాత్రం మింగలేదు.

మరునాడు సత్తయ్య నీళ్లకు వెళ్లినప్పుడు కాక కిటికీ దగ్గర నాకు వీపు పెట్టి కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తున్నాడు. "కాకా, చాయ్ చల్లారుతున్నది" అన్నాను. కదల్లేదు. కొంచెం గట్టిగా పిలిచాను. కదల్లేదు. "కాకా, నీ లుంగీకి నిప్పంటుకుంది" అన్నాను. ఆయన తాపీగా ఇంకో రెబ్బ ఒలిచాడు. నేను లేచి నిలబడ్డాను. నా నీడ గోడ మీద కదిలిందేమో, వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు.

"ఎన్నిసార్లు పిలిసినవ్?"

"మూడుసార్లు."

కత్తి కింద పెట్టాడు. "పదేండ్లు దాటింది, పంతులూ. ముందుగాల చిన్న చప్పుళ్లు పోయినయ్. గడియారం, పిట్టలు. అటెన్క మనుషులు పోయిన్రు. సాంచె ఒక్కటే ఉన్నది, గది చెయ్యికి ఇనబడ్తది." మూతి చూసి మాట పట్టుకోవడం కార్ఖానాలో అందరికీ ఎంతో కొంత వచ్చు, ఆ రొదలో వేరే దారి లేదు. కాబట్టి ఆయన సంగతి ఎవరికీ తెలియలేదు. సినిమా ఒకసారి చూస్తే సగం మాటలే దొరుకుతాయట. రెండోసారి ముప్పావు. పిచ్చి కాదు, మిగతా పావు కోసం వెళ్లేవాడు. ఆయన చెవులకు రెండు బంగారు పోగులుండేవి. పదడుగుల దూరం నుంచి తెగిన పోగును పట్టే మనిషికి, పోగులున్న చెవులే పోయాయి. నా నోటుబుక్కులోని తాత్త్వికత అంతా ఒక్క మధ్యాహ్నంలో వైద్యశాస్త్రం అయిపోయింది.

"సేఠ్‌కు తెలిస్తే ఇంటికి పంపుతడు" అన్నాడు. "పనిలేని గంగారాం ఎవడో నాకు ఎర్కలేదు. ఎవలకు చెప్పకు." చెప్పనని మాటిచ్చాను.

సాంచాలు మళ్లీ మొదలైన నాడు అందరి మూతులకూ మాస్కులు. గేటు దగ్గర నిలబడి కాక అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గర అన్నాడు: "ఊరంత మీసాల హీరోలైన్రు గదరా." నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే సేఠ్ ఆ పొద్దున్నే చెప్పాడు. సగం సాంచాలే నడుస్తాయి, ఇద్దరు మాస్టర్లలో ఒకరు చాలు, వారం చూసి ఎవరిని ఉంచుకోవాలో చెబుతాను అని. ఆ మాట కూడా కాకకు అందలేదు. పక్కకు తీసుకుపోయి మాస్కు దించి నేనే చెప్పాను.

మూడు రోజులు ఆయన వెనకే తిరిగాను. ఎవరేమన్నా సైగలతో అందించాను. నాలుగో రోజు నా సాంచె ఆగింది. కాక వచ్చి పట్టా బిగించాడు. నేను రెండు చేతులూ లోపల పెట్టి తెగిన పోగులు అతుకుతున్నాను. "అయిందా?" అన్నాడు స్విచ్ దగ్గర నుంచి. "కాలేదు" అన్నాను, మాస్కులోంచి. ఆయనకు కనబడింది నా కళ్లు రెండే. నా కళ్లు ఏం చెప్పాయో నాకు తెలియదు, స్విచ్ పడింది. ఒక్క దెబ్బ. మధ్యవేలి గోరు ఊడిపోయింది. వేలు దక్కింది.

సేఠ్ పరుగెత్తుకొచ్చాడు. అయిందని చెప్పావా, కాలేదని చెప్పావా అని హిందీలో నిలదీశాడు. అయిందన్నానని, తప్పు నాదేనని చెప్పాను. వేలికి గుడ్డ చుట్టుకుంటూ అంత చక్కగా అబద్ధమాడినందుకు లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

కాక నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "మాస్కు తియ్యి. ఏమన్నవో మల్ల అను."

దించాను. "అయిందన్నా కాకా."

చాలాసేపు నా మూతి వైపు చూశాడు. "అబద్ధం జెప్పేటప్పుడు నీ కింది పెదవి లోపల్కి పోతది" అన్నాడు. "ఇను పంతులూ, నాకు డబ్బింగ్ చెప్పకు. నా మూతికి నా మాటే ఉండాలె."

ఆయన గొంతు పెంచలేదు. నాకు మాత్రం వేలికంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది. మూడు రోజులుగా చేస్తున్నది సాయం అనుకున్నాను. ఆయన నోట్లో నా మాటలు పెడుతున్నానని తోచలేదు.

సేఠ్ వైపు తిరిగి తనకొచ్చిన హిందీలో అంతా చెప్పాడు. పదేళ్లుగా చెవులు వినబడవనీ, వీడు కాలేదనే అని ఉంటాడనీ, స్విచ్ వేసిన తప్పు తనదేననీ. సేఠ్ రేపు మాట్లాడదాం అన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. పని మాన్పించే చెయ్యి అలాగే ఉంటుందని నేను అనుకున్నాను.

ఆ సాయంత్రం కాక గదిలో చీర కవర్లు కత్తిరించాడు. పక్కింటి దర్జీ దగ్గర ఎలాస్టిక్ అడిగి తెచ్చి కుట్టాడు. నుదుటి నుంచి గడ్డం కింది దాకా వేలాడే పారదర్శకమైన తెరలు మూడు తయారయ్యాయి. సత్తయ్య ఒకటి పెట్టుకుని అద్దంలో చూసుకుని, "నన్ను గూడ ప్యాక్ చేసి మార్కెట్‌కు పంపుతరా ఏంది?" అన్నాడు. మరునాడు కాక అందులో ఒకటి సేఠ్ బల్ల మీద పెట్టి, పదడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. మాస్కు తీసి ఇది కట్టుకుని మాట్లాడమన్నాడు. సేఠ్ ముందు చిరాకుపడ్డాడు, తరువాత కట్టుకున్నాడు. రెండు మాటలకే అది మసకబారింది. తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

"ఇన్నేళ్లూ నా మాట వింటున్నావనుకున్నాను."

"ఇనలే సేఠ్. సూసిన. ఇనేటోళ్లకంటే ఎక్కువనే సూసిన."

తరువాత ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. సాంచెలో చెయ్యి పెట్టేవాడు ముందు స్విచ్ మీద ఎర్రగుడ్డ వేలాడదీయాలి, తన చేత్తోనే తియ్యాలి. గుడ్డ ఉన్నంతసేపు స్విచ్ ఎవరూ ముట్టొద్దు. చెవులున్న మాస్టర్‌కూ అదే నియమం. సేఠ్ నా కట్టు వేలి వైపు చూసి, ఇది పదేళ్ల కిందనే పెట్టాల్సింది అన్నాడు. ఇద్దరు మాస్టర్లనూ పూటకొకరిగా ఉంచాడు. ఎర్రగుడ్డ వచ్చాక మా షెడ్డులో మళ్లీ ఎవరి గోరూ ఊడలేదు.

నాకు తరువాత సూరత్‌లోనే పర్వత్ పాటియాలో ఒక బడిలో తెలుగు చెప్పే పని దొరికింది. ఎగతాళి నిజమై పంతులునయ్యాను. బోర్డు వైపు తిరిగి ఒక్క మాట కూడా మాట్లాడను. రాయడం ఆపుతాను, వెనక్కి తిరుగుతాను, అప్పుడు నోరు తెరుస్తాను. దీనివల్ల పాఠాలు ఆలస్యంగా పూర్తవుతాయని హెడ్మాస్టర్ బాధ. ఇంట్లోనూ వంటింట్లోంచి కేక వేస్తే జవాబివ్వను, లేచి వెళ్లి ఎదురుగా నిలబడి చెబుతాను. ఇది ప్రేమ అని మా ఆవిడ మొదట్లో అనుకుంది. ఇప్పుడు పనికి అడ్డం అంటోంది.

ఇదంతా రాశాక భయం పట్టుకుంది. ఒక మనిషి మాటలు నేను రాయడమంటే మళ్లీ డబ్బింగే కదా. మొన్న ఆదివారం సూరత్ పక్కనే కామ్‌రేజ్‌లో ఆయన కొడుకు ఇంటికి వెళ్లాను. కాక పని మానేసి రెండేళ్లయింది. కొడుకు కొనిచ్చిన చెవి మిషన్ చొక్కా జేబులో ఉంది. దాంతో ఒక సినిమా చూసి, "మస్తు లొల్లి పెడుతున్నరు" అని తీసేశాడట. నేను కిటికీ వెలుతురు నా ముఖం మీద పడేలా కూర్చుని, ఈ కాగితాలు చదివాను. ఒక్కచోట చెయ్యెత్తి ఆపాడు.

"పనిలేని గంగారాం అన్న మాట నేననలే."

నిజమే. ఆ వాక్యం నాకు నచ్చి నేనే పెట్టాను.

"మరి ఏమన్నవు కాకా?"

"ఏమనలే. ఏడ్సిన. గది రాయి."

రాస్తున్నాను. ఆ వాక్యాన్ని పైన కొట్టేయకుండా అలాగే ఉంచాను, నా కింది పెదవి ఎక్కడ లోపలికి పోయిందో మీకూ కనబడాలి కనుక.

చివరిదాకా విని, కాదు, చూసి, కాగితాలు నా చేతిలోకే నెట్టాడు. "ఇంకోసారి సదువు. ముందుగాల సగమే దొరికింది."

మొదటి నుంచి మొదలుపెట్టాను. మా నాయన ఫోన్ చేసిన చోటుకు వచ్చాను. నేనింకా మామిడిపండ్లు అననేలేదు. అరక్షణం ముందే ఆయన నవ్వాడు.