ఫ్యాను కింద పట్టుగూళ్ళు

చింతామణి బస్టాండును ఈమధ్యే పర్యావరణహితంగా మళ్ళీ కట్టారు. సౌరవిద్యుత్తు ఫ్యాన్లు, వాననీటి గుంత, గోడలకు మొక్కలు, అన్నీ ఉన్నాయి. మూటలు దించే చోటు మాత్రం ఎవరికీ గుర్తురానట్టుంది.

శిడ్లఘట్ట మార్కెట్టుకు పట్టుగూళ్ళు తీసుకెళ్తున్న ఒకామె, ఫ్యాను కింది కుర్చీలో మూట పెట్టి, మూతి విప్పి, తాను నిలబడింది. పక్క కుర్చీలో ఉన్న నేను, ఎందుకమ్మా అని అడిగాను.

"గాలాడకుంటే చెమ్మెక్కి చెడిపోతాయప్పా. నెలంతా పురుగుల్ని మేపినాం."

అంతలో కాపలాదారు వచ్చాడు. "కుర్చీలు మనుషులకమ్మా, మూట తీయి."

"లోపల వేలమంది పండుకోనుండారప్పా. లేపేదుంటే నువ్వే లేపు," అందామె.

అతను మూటలోకి తొంగిచూసి, నా వైపు తిరిగాడు. "రవంత లేస్తారా సార్? కింద ఈమెది ఇంకో మూట ఉండాది."

లేచాను. ఇప్పుడు ఏ కొత్త బస్టాండులోనైనా, కూర్చునేముందు చుట్టూ ఒకసారి చూసుకుంటాను.